ఆరోగ్యమ్మ తీసిన పిడికెడు

శౌరిపేట కతోలిక గుడికీ, దాని విచారణ కింద ఉన్న నాలుగు పల్లెలకీ ఇన్నయ్య స్వామి గురువు. ఆయనకో అలవాటు ఉండేది. పాపం గురించి ఎవరు ఏ ప్రశ్న వేసినా, అది చిన్నదా పెద్దదా అని ముందు తూకం వేసేవారు కాదు. "ఇందులో నొప్పి ఎవరికమ్మా?" అని అడిగేవారు. చెబితే వినేవారు. చెప్పలేకపోతే కనుక్కుని రమ్మని పంపేవారు. అట్లా పంపిన వాళ్ళలో సగం మంది మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. దారిలోనే జవాబు దొరికేదో, తిరిగొచ్చి అడగడానికి సిగ్గేసేదో, ఆ పైవాడికే తెలియాలి.

ఆయన దగ్గర ఉపదేశి పని నేర్చుకుంటున్న అమ్మాయి జసింత. పట్నంలో ఉపదేశుల బడిలో ఏడాది చదివి వచ్చింది. పిల్లలకి సత్యోపదేశం చెప్పడం, మంచాన పడ్డవాళ్ళ దగ్గర కూచుని జపమాల చెప్పించడం, ఆదివారం పూజలో కానుకల గంప పట్టుకోవడం ఆమె పనులు. చదువుకున్న పిల్ల, జ్ఞాపకం గట్టిది. ఆత్మని చంపేంత చావైన పాపం కావాలంటే విషయం పెద్దదై ఉండాలి, తెలిసి చెయ్యాలి, ఇష్టపడి చెయ్యాలి అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అటువంటి జసింత, ఈస్టరు పండగకి ముందు వచ్చే తపస్సు కాలం మధ్యలో ఒక సోమవారం ఉదయాన స్వామి దగ్గరికి వచ్చి, అరుగు మీద కూచుని, ఎంతో కాలంగా మోస్తున్న మూట దించినట్టు అడిగింది.

"తప్పని తెలియక చేసిన తప్పు పాపమవుతుందా, స్వామీ? కాకపోతే, అది తప్పని మనం వెళ్ళి చెప్పడం మంచిదా? చెప్పామంటే రేపటి నుంచి అది పాపమే అవుతుంది కదా?"

స్వామి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఒలుస్తూనే, అలవాటు ప్రకారం, ఇందులో నొప్పి ఎవరికని అడిగారు. ఎవరికీ లేదని, అదే తన సందేహమని జసింత చెప్పింది. ఇచ్చినామెకి సంతోషం, పుచ్చుకున్న పేదలకి అన్నం, పోయిన ఇంటికి అదొక లోటే కాదు. పేర్లు చెప్పకుండా సంగతి చెప్పడానికి చాలా తంటాలు పడింది. కానీ శౌరిపేట ఎంత ఊరని? పొయ్యి సంగతి చెబితే వండేవాళ్ళెవరో తెలిసిపోతుంది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి పిడికెడు బియ్యం ఆచారం ఉంది. ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి, కడగబోయే ముందు, ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన గుడ్డసంచిలో వేస్తారు. వారం రోజుల పిడికెళ్ళు ఆదివారం పూజలో కానుకల వేళ తెచ్చి గంపలో పోస్తారు. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్ళకీ, గురువుగారి వంటింటికీ వెళతాయి. ఒకటి రెండిళ్ళు తప్ప అందరూ స్టోరు బియ్యం తినేవాళ్ళే కాబట్టి గంపంతా దొడ్డుబియ్యమే. అందులో ఒక్క సంచి మాత్రం ప్రతి వారం మల్లెమొగ్గల్లాంటి సన్నబియ్యం కుమ్మరించేది. అది ఆరోగ్యమ్మ సంచి.

ఆరోగ్యమ్మ ఒంటరి మనిషి. సన్నబియ్యం వండించుకునే తెరేజమ్మగారింట్లో వంట చేస్తుంది. రెండు పూటలా అక్కడే తింటుంది. సొంత ఇంట్లో పొయ్యి రాజేసి ఏళ్ళు గడిచాయి. పొయ్యిలో పిల్లి లేవలేదని లేనివాళ్ళని గురించి అంటాం కదా, ఆరోగ్యమ్మ ఇంట్లో అది ఉన్నమాటే. బూడిద రంగు పిల్లి ఒకటి ఆ పొయ్యిలోనే ఈనింది, అక్కడే పిల్లల్ని పెంచింది. మరి వంటే లేని ఇంట్లో పిడికెడు ఎక్కడి నుంచి వస్తుంది? రెండు వారాల కిందట జసింత ఆ మాట నవ్వుతూ అడిగింది. ఆరోగ్యమ్మ కూడా నవ్వుతూనే చెప్పింది. దేవుడి పిడికెడు తియ్యకుండా ఎసట్లో బియ్యం పొయ్యకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడే నేర్పిందట. ఏ ఇంట్లో అయితేనేం, పోసేది తన చెయ్యి. అందుకని తెరేజమ్మగారింట్లో పూట పూటకీ పిడికెడు తీసి కొంగున ముడేసుకుంటుందట. ఆ ఇంటివాళ్ళకి తక్కువ కాకూడదు గనుక, తీసినంత మళ్ళీ డబ్బాలోంచి వేస్తుందట. ఇంట్లో అడిగే తీస్తున్నావా అవ్వా అంటే, ఆరోగ్యమ్మ వింతగా చూసింది. "కూరలో ఉప్పెంత వెయ్యాలో అడిగి వేస్తామటే పిచ్చిదానా?"

ఇదీ జసింత మోస్తున్న మూట. ఆ అవ్వ మొహంలో దొంగతనం నీడైనా లేదు. పిడికిలి బిగించి, బియ్యం మీద సిలువ గుర్తు వేసి, కళ్ళు మూసుకుని తీసే మనిషి. దాన్ని దొంగతనమని ఎట్లా అంటాం? అనకపోతే ఏమంటాం? చదువుకున్న మూడు లక్షణాల్లో ఒకటి ఉంటే ఒకటి ఉండటం లేదు. రెండు వారాలుగా జసింత ఈ ప్రశ్నని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటోంది. నిజం చెప్పాలంటే ఆ తిప్పడంలో ఆమెకి కొంచెం ఇష్టం కూడా కలిగింది. బడిలో ఇంత చక్కటి చిక్కు ఎవరికీ దొరకలేదు.

స్వామి ఒలిచిన గింజలు ఆమె చేతిలో పోసి, ఇంకేమైనా ఉందా అన్నారు. ఉంది. ఉన్నదాన్ని జసింత ఇప్పుడు చెప్పింది. తెరేజమ్మగారి బియ్యం బస్తా నెల తిరక్కుండానే అడుగంటుతుంది. అది ఎప్పుడూ ఉన్నదే అయినా, ఆమె లెక్క చూడటం ఈ మధ్యే మొదలుపెట్టింది. తెరేజమ్మ కళ్ళు కోడలు కనిక మీద పడ్డాయి. కనిక కాపరానికి వచ్చి ఏడాదిన్నర. పుట్టిల్లు పక్క ఊళ్ళోనే. తండ్రి వేసిన మిరపతోట తామర పురుగుకి పోయింది. ఆ ఇంట్లో గింజలకి కటకటగా ఉందని అందరికీ తెలుసు. భర్త లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు, అతని మాట తల్లి ముందు పెగలదు. తెరేజమ్మ కోడల్ని దొంగ అని మాత్రం ఏనాడూ అనలేదు. కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య కూచుని, "మా ఇంట్లో బియ్యానికి కాళ్ళొచ్చాయి. పొద్దున్నే లేచి పుట్టింటికి నడిచిపోతున్నాయి," అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. కనిక గేదెకి కుడితి పెడుతూ వినేది. ఆ నవ్వులు అంతటితో ఆగలేదు. బుధవారం వచ్చి పిల్లని తీసుకుపొమ్మని మొన్న ఆమె తండ్రికి కబురు వెళ్ళింది. ఒకసారి అట్లా దొంగపేరుతో పుట్టింటికి చేరిన పిల్లని మళ్ళీ ఎవరు తెచ్చుకుంటారు, ఏ మొహంతో ఆమె తిరిగొస్తుంది?

స్వామి చేతులు దులుపుకున్నారు.

"ఆ మాట చివర చెప్పావేం, జసింతా?"

ఆమె చేతిలో గింజలు చేతిలోనే ఉండిపోయాయి. ఆయన లేచి, రేపొక రోజు మన వంటమనిషిని ఇంటికి పంపిస్తున్నానని, ఆరోగ్యమ్మని వచ్చి మధ్యాహ్నం వండిపెట్టమని అడగమని చెప్పారు. వంటింటి డబ్బాలో ముగ్గురికి సరిపడా బియ్యం మాత్రం ఉంచి, మిగిలినవన్నీ ఇవాళే ముసలివాళ్ళ ఇళ్ళకి పంచెయ్యమన్నారు. ఆరోగ్యమ్మతో ఏ మాటా అనొద్దన్నారు. ఒక్క మాట చెబితే పోయేదానికి ఈ వంటా వడ్డనా ఎందుకో జసింతకి అర్థం కాలేదు. కానీ అప్పటికి ఆమెకి స్వామిని ఇంకో ప్రశ్న వేసే ధైర్యం లేదు.

స్వామికి వండటమంటే తెరేజమ్మగారికీ గౌరవమే కాబట్టి, మంగళవారం పొద్దున ఆరోగ్యమ్మని సంతోషంగా పంపింది. ఆరోగ్యమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, ఆ వంటింటిని ఒకసారి కలయజూసి, మగవాడు వండే వంటిల్లు ఇట్లాగే ఏడుస్తుందని గొణుక్కుంటూ ముందు గిన్నెలన్నీ తోమింది. దోసకాయ పప్పు పొయ్యి మీంచి దింపి, చారు పెట్టి, ఎసరు పడేసింది. జసింత గడప మీద కూచుని చింతపండు గింజలు తీస్తూ చూస్తోంది. ఆరోగ్యమ్మ డబ్బాలోంచి బియ్యం కొలిచి చేటలో పోసింది. ముగ్గురికీ సరిగ్గా సరిపోతాయి. సిలువ గుర్తు వేసింది, కళ్ళు మూసుకుంది, పిడికెడు తీసి కొంగున ముడేసుకుంది. తరవాత అలవాటుగా డబ్బాలో చెయ్యి పెట్టింది. చేతి గాజులు డబ్బా అడుగున గల్లుమన్నాయి.

ఆమె వంగి లోపలికి చూసింది. ఇంకో డబ్బా ఎక్కడుందని జసింతని అడిగింది. ఇంకో డబ్బా లేదు, ఉన్నవి అవే అని జసింత చెప్పింది. ఆరోగ్యమ్మ చెయ్యి ఒక్క క్షణం కొంగు ముడి మీదికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. దేవుడికని తీసింది తిరిగి ఎసట్లో వెయ్యడం ఆమె ఎరగదు. చేటలో ఉన్నవే కడిగి పోసి మూత పెట్టింది. అన్నం ఉడుకుతున్నంతసేపూ రెండుసార్లు మూత తీసి చూసింది, చూస్తే పెరుగుతుందేమో అన్నట్టు.

వడ్డించే వేళకి స్వామి మూడు కంచాలు పెట్టమన్నారు. వండినవాళ్ళు చివర తినడమే ఆరోగ్యమ్మకి తెలిసిన పద్ధతి. తాను తరవాత తింటానని అంది. ఒక్కపొద్దు రోజుల్లో అందరం ఒకేసారి తిందాం కూచోమన్నారు. ఇక తప్పక స్వామి కంచంలో నిండా పెట్టింది, జసింత కంచంలో నిండా పెట్టింది, గిన్నె గీరి మిగిలింది తన కంచంలో వేసుకుని దాని మీద పప్పు ఎక్కువ పోసుకుంది, తక్కువైనట్టు కనపడకుండా. ఆయన ప్రార్థన చెప్పి, ముద్ద కలుపుతూ, ఆమె కంచం వైపు చూశారు.

"నీకు తక్కువైనట్టుందే, ఆరోగ్యమ్మా?"

ఇవాళ పిడికెడు తీశాక తిరిగి వెయ్యడానికి డబ్బాలో లేవని, తన ముసలి కడుపుకి ఇది చాలని, తమరు నిదానంగా తినమని ఆమె చెప్పింది.

"అయితే ఇవాళ్టి పిడికెడు నీదన్నమాట," అన్నారు స్వామి.

ఆరోగ్యమ్మ నవ్వింది. రోజూ ఇచ్చేది నేనే కదా స్వామీ అంది. ఆయన చారు పోయించుకున్నారు, చారు బాగుందన్నారు, కొత్తిమీర ఎవరి దొడ్లోదని అడిగారు. ఆరోగ్యమ్మ జవాబు చెప్పింది గానీ ఆమె మనసు కొత్తిమీర దగ్గర లేదు. ముద్ద చేతిలో పట్టుకుని కంచంలోకి చూస్తోంది. నాలుగు ముద్దలకే కంచం ఖాళీ అయింది. ఆ ఖాళీ కంచం మీద వేలితో గీత గీసింది. ఆకలి ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఆ మిగిలిన కొంచెం ఎంతో ఆమెకి బాగా తెలుసు. కొంగున ముడేసి ఉంది.

మనిషికి ఒక సంగతి తెలియడం ఎంత చిత్రంగా ఉంటుందో చూడండి. ఏళ్ళ తరబడి చెయ్యి చేసిన పనిని ఆ పూట కడుపు వెళ్ళి కళ్ళకి చెప్పింది. కాసేపటికి ఆరోగ్యమ్మ తల ఎత్తింది. తక్కువ తిన్నవాళ్ళు ఇచ్చినట్టయితే, మరి రోజూ తెరేజమ్మగారింట్లో తీసిన పిడికెడు ఎవరిదని అడిగింది.

"నన్నడుగుతావేం? వడ్డించేది నువ్వు కదా," అన్నారు స్వామి.

ఆమె ఆ ఇంటి కంచాలన్నీ వరసగా మనసులో పెట్టుకుని చూసింది. పైకే చెప్పుకుంటూ చూసింది. తెరేజమ్మగారి కంచంలో తక్కువ కాదు. ఆ మహాతల్లి ప్రతి ఆదివారం స్టోరు బియ్యం ఒక శేరు గంపలో పోయిస్తుంది, అయినా ఏ పూటా ఆమె కంచంలో మెతుకు తగ్గలేదు. పొలం నుంచి వచ్చే మనుషులకి మారు వడ్డించకపోతే ఊరుకోరు. తనకీ ఏనాడూ తక్కువ కాలేదు. ఇక కనిక. కనికకి వడ్డించబోతే చాలు అవ్వా అంటుంది. గరిటెకి చెయ్యి అడ్డం పెడుతుంది. ఒకప్పుడు అట్లా పెట్టేది కాదు. ఎప్పటి నుంచి పెడుతోంది?

ఆరోగ్యమ్మకి అప్పుడు లెక్క కుదిరింది. బస్తా ఇంకా ముందే అడుగంటితే నింద తన మీదే పెరుగుతుందని ఆ పిల్ల తన కంచంలోంచే తగ్గించుకుంటోంది. కల్లంలో మాటలు ఆరోగ్యమ్మా విన్నది. విని, అయ్యో పాపం ఆ పిల్ల మీద నింద పడిందే అని కన్నీళ్ళు కూడా పెట్టుకుంది. బియ్యానికి కాళ్ళొచ్చాయన్నప్పుడు, ఆ కాళ్ళు తన కొంగున ముడేసి ఉన్నాయని కలలోనైనా తట్టలేదు. పిడికెడు దేవుడిది, పోయినవి దొంగ బియ్యం. రెండూ ఒక్క డబ్బాలోవే అని ఎవరు అనుకుంటారు?

"బియ్యం దొంగ దొరకాలని మాతకి జపమాల కూడా చెప్పాను స్వామీ," అంది ఆరోగ్యమ్మ.

"విన్నట్టుందమ్మా," అన్నారు ఆయన.

ఆరోగ్యమ్మ లేచింది. ఎంగిలి కంచాలు అట్లాగే వదిలేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె గిన్నెలు కడగకుండా వంటింట్లోంచి బయటికి రావడం అదే మొదలు. స్వామి ముందు తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చెప్పుకుంటుందేమోనని జసింత అనుకుంది. అది తరవాత సంగతి అన్నట్టు ఆమె గుడి వైపు చూడకుండా నేరుగా తెరేజమ్మగారి కల్లానికి నడిచింది. జసింత వెనకే పరుగులాంటి నడకతో పోయింది.

కల్లంలో ఎర్రటి మిరపకాయలు గుట్టలుగా ఉన్నాయి. ఆడవాళ్ళు ముక్కులకి కొంగులు అడ్డం కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. తెరేజమ్మ మంచం మీద కూచుని తాలుకాయలు ఏరి పక్కన పెడుతోంది. ఇదంతా లోపలికి పిలిచి మెల్లగా చెప్పాల్సిన సంగతని జసింత ఆరోగ్యమ్మ చీర పట్టి లాగింది. ఆరోగ్యమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది.

"లోపల అన్న మాటయితే లోపలే చెప్పేదాన్నమ్మా. ఇక్కడ అన్నారు."

తెరేజమ్మ ఎదురుగా నిలబడి, మీ బియ్యానికి కాళ్ళు రాలేదని, చేతులొచ్చాయని, అవి తనవేనని చెప్పింది. పూటకి పిడికెడు ఎట్లా తీసిందీ, తిరిగి ఎట్లా వేసిందీ, కొంగు ముడి విప్పి ఇవాళ్టి బియ్యం చూపించి మరీ చెప్పింది. తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. తెరేజమ్మ మొహం ముందు తెల్లబడింది, తరవాత మిరపకాయ రంగుకి దగ్గరగా వచ్చింది. ఎన్నాళ్ళ నుంచి ఈ పని అంది. మీ పొయ్యి ముందు కూచున్న నాటి నుంచీ అంది ఆరోగ్యమ్మ. నా ఇంట తిని, నా ఇంట కూచుని, నా బియ్యంతో నువ్వు మోక్షం సంపాదించుకుంటున్నావా అని తెరేజమ్మ లేచింది. ఇంకా చాలా అంది. అన్నవన్నీ ఇక్కడ రాయనక్కరలేదు. కోపంలో ఉన్న మనిషి మాటలు ఊళ్ళో అందరికీ ఒక్కటే. ఆఖరికి రేపటి నుంచి ఈ గడప తొక్కొద్దంది.

"తొక్కనమ్మా," అంది ఆరోగ్యమ్మ. "నేను పోయేలోపు ఆ పిల్లని పిలువు."

అక్కడ ఏం చెయ్యాలో తెరేజమ్మకి తెలియలేదు. కల్లంలో ఉన్న ఆడవాళ్ళంతా ఆమె వైపే చూస్తున్నారు. బియ్యం కాళ్ళ మాటకి నవ్వినవాళ్ళే. ఆమె పిలవలేదు గానీ, గొడవకి కనికే గేదెల పాక లోంచి వచ్చింది, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ. ఏం జరిగిందో వినే ఉంటుంది. మొహంలో గెలుపు లేదు, ఏడుపూ లేదు. నిలబడింది.

పొద్దున ఏం తిన్నావని తెరేజమ్మ అడిగింది. తిన్నానత్తయ్యా అంది కనిక. ఏం తిన్నావని అడుగుతున్నానంది మళ్ళీ. ఈసారి కనిక మొహం పక్కకి తిప్పుకుంది. తెరేజమ్మ ఇంట్లోకి పోయింది. ఆరోగ్యమ్మ స్వామి దగ్గరికి పోయిన రోజు గనుక ఆ ఇంట్లో వంట తెరేజమ్మే చేసుకుంది. కంచం నిండా అన్నం పెట్టుకుని, పప్పూ నెయ్యీ వేసి తెచ్చి, అందరూ చూస్తుండగా వసారాలో పీట వేసి కోడల్ని కూచోబెట్టింది. కనిక అలవాటు చొప్పున కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. తెరేజమ్మ ఆ చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి, ఇంకో గరిటె వేసింది. క్షమించమనే మాట ఆమె నోట రాలేదు. ఆ ఇంట్లో అత్త కోడలికి వడ్డించడం మాత్రం ఊరు అదే మొదటిసారి చూసింది. మిరపకాయల ఘాటుకో, మరి దేనికో, తెరేజమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే కూచుంది, కనిక ఆఖరి మెతుకు తినేదాకా.

బుధవారం పిల్లని తీసుకుపోదామని తండ్రి వచ్చాడు. వచ్చినవాడికి, కబురు పెట్టింది భోజనానికేనని చెప్పి విస్తరి వేశారు. ఆయన ఏమీ అర్థం కాక, కూతురి మొహం చూసి, తిని వెళ్ళాడు.

ఆరోగ్యమ్మ కొన్నాళ్ళు ఇంట్లోనే కూచుంది. తెరేజమ్మ వండుకున్న చారు తెరేజమ్మకే దిగలేదో, మనసు మెత్తబడిందో, కనికనే పంపి పిలిపించింది. పోయిన బియ్యమంతా నా తరఫున నువ్వు దేవుడికిచ్చావని అనుకుంటాలే, పొయ్యి దగ్గరికి పో అంది. ఆరోగ్యమ్మ ఊరుకుంటేనా? అట్లా అనుకోవద్దమ్మా, మీరు తక్కువ తినలేదుగా అంది. తెరేజమ్మ, నోరుంది చూశావా నీకు అని లోపలికి పోయింది. ఆరోగ్యమ్మ ఒక్కటే అడిగింది. రాత్రి పూట తనకి పెట్టే అన్నం బదులు అంత బియ్యం ఇమ్మంది. అవి తెచ్చుకుని, పిల్లిని బతిమాలి లేపి, సొంత పొయ్యి రాజేసింది. ఇప్పుడు ఆదివారం ఆమె సంచిలోంచి రాలేది మునుపటిలో సగం కూడా ఉండదు.

జసింతకి ఇదంతా చూశాక కూడా, చదువుకున్న మనసు కదా, మొదటి ప్రశ్న లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఒక ఆదివారం పూజ అయ్యాక, గంపలో బియ్యం వంటింటికి చేర్చి, స్వామి దగ్గరికి వచ్చింది. ఆయన ఊదారంగు పూజావస్త్రం మడతపెట్టి అల్మరాలో పెడుతున్నారు. ఆ అవ్వ ఇన్నేళ్ళూ చేసింది పాపమా కాదా, అదొక్కటీ చెప్పమంది.

"ఆమె సంగతి తేలికమ్మా. తెలియదు. తెలిశాక ఒక్క పూట ఆగలేదు."

జసింత తల దించుకుంది. రెండు వారాలు తాను ఏం చేసిందో ఆమెకి ఎవరూ చెప్పనక్కరలేదు. స్వామి ఆమె వైపు చూడటం లేదు. మడత సరిగా పడలేదని విప్పి మళ్ళీ పెడుతున్నారు.

"తపస్సు కాలం మొదటి రోజు, విభూతి బుధవారం నాడు కనిక నుదుట విభూతి పెడుతూ మొహం చూశాను," అన్నారు. "బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. భక్తిగల పిల్ల, ఉపవాసాలు ఎక్కువ చేస్తోంది కాబోలు అనుకున్నాను."

అల్మరా తలుపు వేశారు.

"అడగలేదు."